మాడిన ఉసిళ్ళు

ఒక తల్లి, చనిపోయిన తన బిడ్డ గురించి నన్నొక ప్రశ్న అడిగింది. జవాబు నాకు తెలుసు. తెలియదన్నాను.

చెప్పాలంటే ఇంతే. మూడు ముక్కల్లో అయిపోయింది. దీన్ని నలభై ఏళ్ళుగా మోస్తున్నాను. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళ పిల్లల్ని కూడా ఎత్తుకున్నాను, ఉద్యోగంలోంచి రిటైరయ్యాను. మా ఆయనకు చెప్పలేదు. మా చెల్లెలికి చెప్పలేదు. నెలనెలా చర్చిలో ప్రభు భోజనానికి ముందు పాస్టర్ గారు ఎవరి మనసు వాళ్ళు పరీక్షించుకోండి అంటారు. అప్పుడు కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పేదాన్ని. దేవుడికి చెప్పడం తేలిక. ఆయన నన్నడిగిన ఆ సాయమ్మ కాదు.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. చదివాక నన్ను ఓదార్చాలని మాత్రం చూడకండి. చిన్న వయసు కదా, అప్పుడు ఎవరికైనా అలాగే ఉంటుంది అనకండి. నాకు ఇరవై మూడేళ్ళు అప్పుడు. ఇరవై మూడేళ్ళకు మంచీ చెడూ తెలుస్తాయి.

ఎనభైల్లో పంజగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక అద్దె బంగళాలో మా ల్యాబ్ ఉండేది. పేరు చెప్పను. తిండి పదార్థాల్లో ఏముంది, అది ఒంటికి ఎంత పడుతుంది అని పరీక్షించేవాళ్ళం. ముందు గదుల్లో గాజు సామాను, ఆసిడ్ వాసన. వెనక, ఒకప్పుడు నౌకర్లు ఉండే గదుల్లో ఎలుకలు. తెల్ల ఎలుకలు, పంజరాల్లో. నేను బి.ఎస్సీ. పూర్తి చేసి అసిస్టెంటుగా చేరాను. అమీర్‌పేటలో మా చిన్నమ్మ వాళ్ళింట్లో ఉంటూ రోజూ నడిచే వచ్చేదాన్ని.

మాది మెదక్ వైపు పల్లె. ఆ సంగతి ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే మాది హైదరాబాదే అనేదాన్ని. అక్కడ కాస్త చెప్పుకోదగ్గ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళంతా కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. ల్యాబ్ నడిపే మా సార్‌ది కూడా అటు వైపే. ఆరు నెలల్లో నేను "ఏంది" మానేసి "ఏంటి" నేర్చుకున్నాను. ఇంట్లో పొరపాటున "ఏంటి" అంటే మా చిన్నమ్మ నవ్వేది. ల్యాబ్‌లో పొరపాటున "ఏంది" అంటే నాకు చెమట పట్టేది. నా పక్క టేబుల్ వసంత భీమవరం పిల్ల. చెడ్డది కాదు. కానీ దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరి టిఫిన్ డబ్బాలో ఏముందో మధ్యాహ్నానికల్లా బంగళా అంతా తెలిసిపోయేది.

ఎలుకల గది సాయమ్మ చూసుకునేది. రోజు కూలీ. నలభై దాటి ఉంటాయి. యూసుఫ్‌గూడలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. పంజరాలు కడగడం, నీళ్ళు పెట్టడం, పెంటికలు ఏరి పొట్లాలు కట్టడం ఆమె పని. ఒకరోజు సార్ ఎలుకల గదిలో నిలబడి, కరువు ప్రాంతాల పిల్లలకు చవగ్గా బలమైన తిండి ఏం పెట్టగలమని ఎవరితోనో అంటుంటే, సాయమ్మ చీపురు పక్కన పెట్టి, "మా దిక్కు ఉసిల్లు తింటం సార్. కరువుల మా పిల్లలు గవే తిని బతికిన్రు" అంది. ఉసిళ్ళంటే తొలకరి వానకు పుట్టల్లోంచి గుంపులు గుంపులుగా లేచే రెక్కల చెదపురుగులు. సార్ నవ్వలేదు. కొంచెం తెచ్చిపెట్టమన్నాడు. ఆమె ఊరినుంచి ఒక సీసాడు తెచ్చింది, శుభ్రంగా వేయించి, రెక్కలు చెరిగి. మేం పరీక్షిస్తే అందులో నత్రజని ఎంత ఉందంటే, సార్ లెక్క తప్పిందేమోనని మళ్ళీ చేయించాడు.

నత్రజని ఉంటే ప్రోటీన్ ఉన్నట్టు లెక్క. కానీ అది సగం మాటే. నత్రజని వెంట్రుకల్లోనూ ఉంటుంది, గోళ్ళలోనూ ఉంటుంది, తింటే అరుగుతాయా? అందుకే ఎలుకలకు పెట్టి చూడాలి. పాల ప్రోటీన్ కొన్నిటికి, ఉసిళ్ళ పొడి కొన్నిటికి. లోపలికి ఎంత పోయింది, పెంటికల్లో ఎంత బయటికి వచ్చింది చూడాలి. మధ్యలో మిగిలిందే ఒంటికి పట్టింది. ఫలితం బాగుంటే పిల్లల కోసం పొడి తయారుచేసే ఆలోచన ముందుకు పోతుందని, అప్పుడు ఉసిళ్ళు సేకరించి శుభ్రం చేసే పనికి సాయమ్మను పర్మనెంట్ చేస్తానని సార్ అన్నాడు. ఆ రోజు ఆమె ముఖం నాకు గుర్తుంది. గుర్తుండకపోతే బాగుండేది.

అదే రోజు సార్ మా అందరినీ అడిగాడు, మీలో ఎవరైనా వీటిని తిన్నారా, రుచి ఎలా ఉంటుంది అని. వసంత చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఏ జాతివాళ్ళు తింటారండీ అంది. నేను లేదు సార్ అన్నాను.

తిన్నాను. ఏటా తిన్నాను. మా నానమ్మ మూకుట్లో సన్నని మంట మీద వేయించి, అరచేతుల మధ్య మెత్తగా నలిపి, చేటలో చెరిగేది. రెక్కలన్నీ వాకిట్లో ఎగిరిపోయేవి. పేలాలు, ఉప్పు, కారం కలిపి మా గుప్పిళ్ళలో పోసేది. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

సాయమ్మకు ఇది తెలుసు. ఎలా తెలిసిందంటే, ఒక మధ్యాహ్నం ఎలుకల గదిలో ఎవరూ లేనప్పుడు ఆమె తన డబ్బాలోంచి గుప్పెడు తీసి చూపింది. నేను ఆలోచించకుండా నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైంది" అన్నాను. మా పల్లె యాసలో. ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. ఆమె పడీపడీ నవ్వింది. "ఎవలకూ చెప్పనులే బిడ్డా" అంది. చెప్పలేదు. చివరిదాకా చెప్పలేదు. ఆ రోజునుంచి నలుగురిలో "అమ్మా" అని, ఇద్దరమే ఉంటే "బిడ్డా" అని పిలిచేది.

పరీక్షకు కావలసిన ఉసిళ్ళు తొలి వానలకే ఆమె, ఆమె అక్కా కలిసి పోగుచేసి ఎండబెట్టారు. వేయించి రెక్కలు తీయడం ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడు ఆమె కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. రెండు రోజులు పోవాలి. పర్మనెంట్ మాట నడుస్తున్నప్పుడు నాగా పెడితే సార్ ఏమంటాడోనని భయపడింది. నేనే ధైర్యం చెప్పాను. హాజరు పట్టీలో ఆ రెండు రోజులకూ ముందే వేలిముద్ర వేయించాను. వేయించి చెరిగే పని నేను చేస్తానన్నాను. పాలు మరిచిన పిల్ల ఎలుకలు సరైన వయసులో ఉన్నాయి, సోమవారం మొదలుపెట్టకపోతే మళ్ళీ ఎలుకలు ఈనేదాకా ఆగాలి. "నీకు వస్తది గద, నాకు ఫికర్ లేదు" అని వెళ్ళిపోయింది.

శనివారం హాట్ ప్లేట్ మీద బాణలి పెట్టి వేయించడం మొదలుపెట్టాను. చేతులకు తెలిసిన పని. మొదటి వాయి దింపి, చల్లార్చి, అరచేతుల మధ్య నలుపుతున్నాను. గుమ్మంలో వసంత. ఎప్పుడు వచ్చిందో. "ఏంటండీ, ఇంత బాగా చేస్తున్నారు, ఇంట్లో అలవాటా?" అని నవ్వింది. ఊరికే అన్నదే అయ్యుంటుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా ఒళ్ళంతా మండింది. ఛీ, సాయమ్మ ఇలా చెయ్యమందని చేస్తున్నానన్నాను. చేతిలో ఉన్నది మూటలో మిగిలిన పచ్చి ఉసిళ్ళలోనే కలిపేశాను. అంతా ట్రేల్లోకి దులిపి, రెక్కలతో సహా, వేడిగాలి ఓవెన్‌లో పెట్టి మీట బాగా పైకి తిప్పాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను, వసంత చూస్తుండగా. ఇద్దరం చాయ్‌కి వెళ్ళాం. ఏవో చీరల కబుర్లు చెప్పుకున్నాం. వచ్చేసరికి సందు మొదట్లోకే మాడు వాసన.

అప్పుడైనా ఆగొచ్చు. సార్‌కు చెప్పొచ్చు. సాయమ్మ అక్క దగ్గర ఇంకేమైనా మిగిలాయేమో కనుక్కోవచ్చు. నేనేం చేశాను? పైన మరీ నల్లగా ఉన్నవి ఏరి పారేసి, మిగతాది మిక్సీలో వేసి పొడి చేశాను. పొడి చేశాక కాఫీ పొడిలా నున్నగానే ఉంది. మాడిన ప్రోటీన్ సరిగ్గా అరగదని, రెక్కల్లో ఉండే పెంకులాంటి పదార్థం అసలే అరగదని నాకు తెలియకనా? అదే చదువుకున్నాను. ఆ పరీక్ష పేపర్లో మార్కులు కూడా బాగానే వచ్చాయి.

సోమవారం సాయమ్మ వచ్చింది, మనవరాలు పుట్టిందని బెల్లం పట్టుకుని. "మంచిగ చెరిగినవా బిడ్డా?" అని అడిగింది. చెరిగానన్నాను. ఆ బెల్లం తిన్నాను.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. పొద్దున్నే చెప్పులు కూడా విప్పకుండా ఎలుకల గదికి వెళ్ళేదాన్ని. పాల ప్రోటీన్ తిన్నవి ఒళ్ళు చేస్తున్నాయి. ఉసిళ్ళవి తింటున్నాయి, పెరగడం లేదు. బొచ్చు నిక్కబొడుచుకుని మూల కూర్చునేవి. వాటి పెంటికలు ముదురు రంగులో, మామూలుకంటే ఎక్కువగా పడేవి. సాయమ్మ వాటిని ఏరి పొట్లాలు కడుతూ, ఇదేంది, ఇట్లెందుకైతుంది అని తనలో తనే అనుకునేది. నా ముఖం వైపు చూసేది. నేను తూకం వైపు చూసేదాన్ని. నత్రజని లెక్కలు వచ్చాయి. లోపలికి పోయిందాంట్లో పెద్ద వాటా అలాగే బయటికి వచ్చేసింది.

సార్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. కోపంగా లేడు, దిగులుగా ఉన్నాడు. తయారీలో ఏమైనా తేడా వచ్చిందా, రెక్కలు తీశారా అని నన్నే అడిగాడు. కుర్చీ వెనక గోడ గడియారం టిక్కుమంటోంది. నేను, "తీశాం సార్. సాయమ్మే వేయించి చెరిగింది" అన్నాను. సార్ ఆమె వైపు తిరిగాడు. ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. ఏమనుకుందో నాకు తెలుసు. ఈ పిల్ల పురుగులు ముట్టుకున్నానని చెప్పుకోలేక నా పేరు చెబుతోంది అనుకుంది. పైగా ఆ రెండు రోజులూ తను ఇక్కడే ఉన్నట్టు పట్టీలో వేలిముద్రలున్నాయి. "చేసిన సార్, ఎప్పట్లెక్కనే చేసిన" అంది. నా అబద్ధానికి ఆమె చేత సాక్షి సంతకం పెట్టించాను. తయారీ సరిగ్గానే ఉందంటే ఇక లోపం వస్తువులోనే ఉన్నట్టు. ఉసిళ్ళు మనిషికి తిండిగా పనికిరావు, కడుపులో అరగవు, తిన్నది తిన్నట్టే పోతుంది అన్నాడు సార్. రిపోర్టులో అదే రాశాడు. కింద నా పేరు కూడా వేశాడు. పిల్లల పొడి ఆలోచన అక్కడితో ఆగింది. నెలాఖరు దాకా చేసి మానేయమని సాయమ్మకు చెప్పారు.

ఇక్కడితో అయితే ఒక ఉద్యోగం పోగొట్టిన పాపం. అది చిన్నదని కాదు. కానీ నన్ను కాల్చుకు తింటున్నది అది కాదు.

ఆ నెల రెండో శనివారం ల్యాబ్‌కు సెలవు. తాళం నా దగ్గరుంది. వెళ్ళాను. సాయమ్మ మొదట్లో ఊరినుంచి తెచ్చిన సీసా అలమారులో ఇంకా ఉంది, అడుగున కొంచెం మిగిలి. అది ఒక ఫ్లాస్కులో, నా మాడు పొడి ఒక ఫ్లాస్కులో వేసి, ఆసిడ్, పెప్సిన్ కలిపి, గోరువెచ్చని నీళ్ళలో పెట్టాను. మనిషి కడుపులో జరిగేదాని లాంటిదే, గాజు సామానులో. ఎందుకు చేశానో నిజం చెబుతున్నాను. సాయమ్మది కూడా అరగకపోతే బాగుండునని చేశాను. అప్పుడు నా తప్పు వల్ల ఏమీ మారనట్టే కదా. గంటల తరబడి స్టూలు మీద కూర్చుని, అరక్కూడదు, అరక్కూడదు అని ప్రార్థన చేశాను. అలాంటి ప్రార్థన చేసినవాళ్ళెవరైనా ఉన్నారా? వడపోశాను. నా పొడి కాగితం మీద మందంగా, నల్లగా మిగిలిపోయింది. సాయమ్మది దాదాపు ఏమీ మిగల్లేదు. నత్రజని చూశాను. అదీ అదే మాట చెప్పింది. సాయమ్మ పద్ధతిలో చేస్తే అది మంచి తిండి. లెక్క రాసుకున్న కాగితం చింపి సింకులో వేసి నీళ్ళు వదిలాను. ఫ్లాస్కులు కడిగి బోర్లించాను.

కాబట్టి నెలాఖరు రోజున నాకు తెలుసు. ఆ మాట మీకు బాగా గుర్తుండాలి.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉంది. సాయమ్మ తన డబ్బా, చేట సంచిలో పెట్టుకుని నాతో పాటు అమీర్‌పేట వైపు నడిచింది. బస్సుల రొద. కూడలి దగ్గర ఆగింది.

"బిడ్డా, ఒక్కటి అడుగుత. నిజం చెప్తవా?"

చెరగలేదని పసిగట్టిందనుకున్నాను. చెప్పాల్సిన అబద్ధాలు లోపల సర్దుకుంటున్నాను.

"అడుగు సాయమ్మా."

"సార్ అన్నడు గద, ఉసిల్లు కడుపుల అరగయని. తిన్నది తిన్నట్టే పోతదని. నిజమేనా?"

"రిపోర్టులో అలాగే వచ్చింది."

"కరువేడు మా చిన్నోనికి నేను గవే పెట్టిన. మూడేండ్లోడు. ఇంట్ల జొన్నలు లెవ్వు, పాలు లెవ్వు. పెద్దోళ్ళకు జర తక్కువ పెట్టి వానికే ఎక్కువ పెట్టిన. మంచిగ తినెటోడు. ఎన్కకు జరమొచ్చి పోయిండు." ఆమె ఏడవడం లేదు. లెక్క చూసుకుంటున్నట్టు ఒక్కో మాటా నెమ్మదిగా అంటోంది. "ఇన్నేండ్లు ఏమనుకున్ననంటే, జరమొచ్చి పోయిండు గని నా కొడుకు ఆకలికి పోలే, కడుపు నిండే పోయిండు అనుకున్న. ఇప్పుడు సార్ గిట్లంటుండు. అంటే వానికి ఒంటికి ఏం పట్టలేదా? ఆకలికే పోయిండా? అరగంది పెట్టి నేనే సంపుకున్ననా బిడ్డా?"

నేను బస్సు వైపు చూశాను.

"ఏమో సాయమ్మా. నాకేం తెలుసు?"

"సదువుకున్నదానివి. నీకు తెల్వకుంటె ఇంకెవలకు తెలుస్తది?"

"సార్ రాశారు కదా. అంతకంటే నేనేం చెప్పను?"

ఆమె తల ఊపింది. సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"సరే మేడం" అంది.

అంతకు ముందు ఎప్పుడూ నన్ను మేడం అనలేదు. యూసుఫ్‌గూడ వైపు రోడ్డు దాటి వెళ్ళిపోయింది. నేను ఇంటికి పోయి అన్నం తిన్నాను.

ఎందుకు చెప్పలేదు? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ నలభై ఏళ్ళు తిరిగాను. నా తప్పు ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. "లేదు సాయమ్మా, సార్ పొరబడ్డాడు, అది అరుగుతుంది, నీ కొడుకు ఆకలికి పోలేదు" అంటే చాలు. నా ఉద్యోగం పోదు, ఎవరికీ తెలియదు. కానీ అలా అంటే, మరి ఎలుకలకెందుకు అరగలేదు అని అడుగుతుందేమో. అడిగితే ఓవెన్ గుర్తొస్తుంది. ఓవెన్ కంటే ముందు, వసంత నవ్వుకు నేను పడ్డ సిగ్గు గుర్తొస్తుంది. ఆ సిగ్గును మళ్ళీ ముట్టుకోవడం ఇష్టంలేక ఒక తల్లి చేత తన చేతి ముద్దనే విషమని అనిపించాను. ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద పని చేసిన మనిషిని నేను. పెద్ద దుర్మార్గం ఏదైనా ఉంటే చెప్పుకోవడానికి తేలికగా ఉండేదేమో.

తర్వాత వెతకలేదా అంటారు. పెళ్ళయ్యాక, పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు, ఒకసారి యూసుఫ్‌గూడ వెళ్ళాను. ఆ గదిలో వేరేవాళ్ళున్నారు. పక్కింటి ఆవిడ ఊరికి పోయారనుకుంటా అంది. ఏ ఊరో అడగలేదు. వెతికానని నాకు నేను చెప్పుకోవడానికి వెతికాను, అంతే. ఊరి పేరు నాకు తెలుసు కూడా. బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతాను. ఎక్కలేదు.

ఇప్పుడు ఆమె ఉండి ఉంటే ఎనభై దాటి ఉంటాయి. ఉందని అనుకోను. ఆ మాట మనసులో పెట్టుకునే పోయి ఉంటుంది. ఇది రాస్తుంటే గుండె మీంచి ఏదో కొంచెం జరిగినట్టుంది. తేలికగానే ఉంది, దాచను. ఆ తేలికకు నాకు హక్కు లేదని తెలిసే తీసుకుంటున్నాను.

చదివేవాళ్ళలో ఎవరి అమ్మ అయినా, నానమ్మ అయినా, అమ్మమ్మ అయినా సాయమ్మ అయ్యుంటే, పంజగుట్టలో ఎలుకల గది చూసుకుని ఉంటే, కరువేడు మూడేళ్ళ కొడుకును పోగొట్టుకుని ఉంటే, ఆమె బతికే ఉంటే, దయచేసి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పండి. ఆమె పెట్టింది మంచి తిండి. అది అరుగుతుంది. నేను స్వయంగా చూశాను. ఆమె కొడుకు జ్వరంతోనే పోయాడు, ఆకలితో కాదు. తెలిసి కూడా తెలియదన్నది నేను.